వానాకాలపు మలార్: ఒక గుర్బాణీ శబద్ ఇంట్లో నేర్చుకోవడం ఎలా

జూలై నడిమికి పంజాబ్‌లో సావణ్ నెల మొదలవుతుంది. వాళ్ల నెలలు సూర్యుణ్ని బట్టి నడుస్తాయి, నానక్‌షాహీ పంచాంగంలో అది జూలై 16న వస్తుంది. మన శ్రావణం చంద్రుణ్ని బట్టి లెక్క, ఏటా అటూ ఇటూ జరుగుతుంది. ఆ వానల రోజుల్లో గురుద్వారాల్లో రాగీలు, అంటే కీర్తన పాడేవాళ్లు, మలార్ ఎత్తుకుంటారు. హిందుస్తానీ వాళ్లు మల్హార్ అనే రాగమే సిక్కుల గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లో మలార్ అయింది. ఆ గ్రంథంలోని వాణిని గుర్బాణీ అంటారు, అందులోని ఒక్కో పాట ఒక శబద్.

ఈ రాగం మీద మనసు పడి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కాస్త కర్ణాటక సంగీతం వచ్చి ఉంటే పని తేలిక. సరళీ స్వరాల దగ్గరే ఆగిపోయినవాళ్లయినా పర్వాలేదు. నేను మొదట్లో తలకిందులుగా చేశాను. రెండు నెలలపాటు ఆరోహణ, అవరోహణ సాధన చేసి, ఆ తర్వాత సాహిత్యం తెచ్చి దానికి తొడగబోయాను. మాట ఒక దారి, పాట ఒక దారి అయిపోయాయి. చివరికి ఒక రాగీ గారు విని, "ముందు చదువు. చదివిందే నిదానంగా పలుకు. పలికిందే పాడు" అన్నారు. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

ముందు మలార్ ఎక్కడుందో చూసుకోండి

గురు గ్రంథ్ సాహిబ్‌లో 1430 పుటలు. పుట అనరు, అంగ్ అంటారు, ఎందుకంటే సిక్కులకు ఆ గ్రంథమే గురువు. అందులో ప్రధాన రాగాలు 31. మలార్ 27వది, సారంగ్ తర్వాత, కానడాకు ముందు వస్తుంది. 1254వ అంగ్‌లో మొదలై 1293 దాకా నడుస్తుంది. ఏ అచ్చు ప్రతిలోనైనా, ఏ ఫోన్ యాప్‌లోనైనా అంగ్ సంఖ్యలు ఇవే ఉంటాయి, కాబట్టి సంఖ్య తెలిస్తే శబద్ దొరికినట్టే.

ప్రతి శబద్ పైన ఒక శీర్షిక ఉంటుంది. అది దాటేసి పాటలోకి దూకకండి. "రాగు మలార చఉపదే మహలా 1 ఘరు 1" లాంటి వరస అది. మలార రాగం, నాలుగు చరణాల పాట, రాసింది మొదటి గురువు అని దాని అర్థం. ఘరు అన్నది పాడే తీరుకు సంబంధించిన గుర్తు. గురువులందరూ చివర "నానక్" ముద్రే పెట్టుకున్నారు. అందుకే ఎవరి రచనో ముద్రను చూసి చెప్పలేం, మహలా సంఖ్యే దిక్కు. మహలా 1 అంటే గురు నానక్, 2 అంగద్, 3 అమర్‌దాస్, 4 రామ్‌దాస్, 5 అర్జన్. మలార్‌లో ఈ అయిదుగురి మాటలూ ఉన్నాయి. రెండో గురువువి మాత్రం వార్ అనే దీర్ఘ గేయంలోని శ్లోకాలు.

ఆ చివర, 1292, 1293 అంగ్‌లలో, నామ్‌దేవ్, రవిదాస్ భక్తుల పదాలు ఉన్నాయి. వాటిలో మబ్బులు, నెమళ్లు వెతక్కండి. తనను శూద్రుడని కొట్టి గుడి నుంచి తరిమితే నన్ను మరవకు తండ్రీ అని నామ్‌దేవ్ మొరపెట్టుకుంటాడు. రవిదాస్ తన చర్మకార కులాన్ని పేరు పెట్టి చెప్పుకుంటూ తాటిచెట్టును ఉదాహరణగా తెస్తాడు. ఆ చెట్టును అపవిత్రం అంటారు, దాని నుంచి వచ్చిన పత్రం మీద భక్తి మాటలు రాస్తే అదే జనం చేతులెత్తి మొక్కుతారు. కల్లూ, తాటాకు గ్రంథాలూ రెండూ ఎరిగిన మనకు ఈ పోలిక ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. దీన్ని కూడా మలార్‌లోనే పాడాలి. మలార్ అంటే ఉత్త వాన పాట అనుకునేవాళ్లకు మొదట ఈ రెండు పుటలు చూపించాలని నాకు ఉంటుంది.

తిరగేసి చూసినా అంతే. సావణ్ వచ్చిందని నెమళ్ల కూతతో మొదలయ్యే గురు నానక్ శబద్ ఒకటి చాలా పేరుపొందింది. అది మలార్‌లో లేదు, 557వ అంగ్‌లో వడహంస్ రాగం కింద ఉంది. మాటలో వాన కనిపించినంత మాత్రాన మలార్ అనుకోకండి, శీర్షిక చూడండి.

ఒక్క శబద్ ఎంచుకోండి

నేను సూచించేది 1254వ అంగ్‌లో ఉన్న గురు నానక్ శబద్. "కరఉ బినఉ గుర అపనే ప్రీతమ" అని మొదలవుతుంది. నాలుగే చరణాలు. పాడటానికి మాత్రం ఆ మొదటి పంక్తితో మొదలుపెట్టరు. చరణాల మధ్యలో "రహాఉ" అని గుర్తు పెట్టిన పంక్తి ఒకటి ఉంటుంది. రహాఉ అంటే ఆగు, నిలు. అదే పల్లవి. కీర్తన సంప్రదాయంలో స్థాయీ కట్టేది దానితోనే, ప్రతి చరణం తర్వాత తిరిగొచ్చేదీ దాని దగ్గరికే. శబద్ మొత్తం ఏం చెబుతోందో ఆ పంక్తిలో ఉంటుంది. ఇక్కడ అది ఇలా ఉంది:

బరసు ఘనా మేరా మను భీనా
అంమ్రిత బూంద సుహానీ హీఅరై గురి మోహీ మను హరి రసి లీనా

కురువు మేఘమా, నా మనసు తడిసింది. అమృతపు చుక్క గుండెకు హాయిగా ఉంది. గురువు నన్ను మోహంలో ముంచాడు, మనసు హరి రసంలో కలిసిపోయింది.

పాడేముందు ఈ మొదటి పంక్తి దగ్గర కాసేపు కూర్చోండి. కురువు అని అడుగుతున్న మనిషి అప్పటికే తడిసిపోయి ఉంది. "భీనా" అంటే తడిసింది, జరిగిపోయిన సంగతి. ఎండిపోయి వానను పిలవడం మనకు తెలుసు. తడిశాక ఇంకా కురవమనడం వేరు. ఈ తేడా మనసుకు ఎక్కితే గొంతు దానంతట అదే మెత్తబడుతుంది, "బరసు" అన్న మాటను అరుపులా ఎత్తుకోరు. రాగం నేర్పేవాళ్లు చాలామంది ఈ మాట చెప్పరు. నాకు మాత్రం మలార్ స్వభావమంతా ఇక్కడే దొరికింది.

పలకడం నేర్చుకోండి

మనకు తెలియకుండానే తప్పు జరిగేది ఇక్కడే. మనది అజంత భాష, ప్రతి మాట చివరా అచ్చు పలికితేనే మన నోటికి తృప్తి. గుర్ముఖీలో "బరసు", "మను", "గురి", "రసి" అని మాట చివర చిన్న ఉ, ఇ గుర్తులు కనిపిస్తాయి. అవి సాధారణంగా పలికేవి కావు. బరస్, మన్, గుర్, రస్ అనే పలకాలి. తెలుగు లిపిలో రాసుకున్న కాగితం చూసి పాడితే "బరసూ", "మనూ" అని సాగదీస్తాం. పంజాబీ చెవికి అది వెంటనే దొరికిపోతుంది.

పలకకపోతే ఆ గుర్తులు ఎందుకూ అంటే, అవి వ్యాకరణం. "గురు" అని ఉంటే కర్త, "గురి" అని ఉంటే గురువు చేత. మన విభక్తి ప్రత్యయం చేసే పని అక్కడ ఆ చిన్న ఇకారం చేస్తోంది. అందుకే మీ నోట్‌బుక్‌లో రెండు వరసలు రాసుకోండి, పైన గ్రంథంలో ఉన్నట్టు, కింద పలికేటట్టు. పై వరస అర్థానికి, కింది వరస గొంతుకు.

పలుకుబడి కుదిరేదాకా శృతి పెట్టకండి. రోజూ పది సార్లు చొప్పున మూడు రోజులు ఉత్తగా చదవండి. ఇంట్లో చదివేటప్పుడు కూడా చేతులు కడుక్కుని, తలకు ఒక గుడ్డ కప్పుకుని, పుస్తకం నేల మీద పెట్టకుండా చదవడం మర్యాద. ఫోన్‌లో చదివినా అంతే. మన ఇళ్లలో రామాయణం పారాయణ చేసే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు.

మొదటి చరణం రెండో పంక్తిలో "సుణి ఘన ఘోర సీతలు మను మోరా" అని వస్తుంది. ఉరుము వినగానే నా మనసు చల్లబడింది అని భావం. మోరా అంటే ఇక్కడ "నా". మోర్ అంటే నెమలి కూడా కదా, వినేవాళ్ల చెవిలో ఆ నెమలి కూడా ఒకసారి మెదిలిపోతుంది. ఆ మాట మీద అనవసరమైన సంగతులు వేసి అర్థం అటు లాక్కుపోకండి. మామూలుగా పలికితే చాలు, నెమలి తనే వస్తుంది.

ఇప్పుడు స్వరాలు

శృతి పెట్టుకోండి. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర శృతి దగ్గర మొదలుపెడితే సరిపోతుంది. తంబూరా యాప్ అయినా ఫర్వాలేదు, పంచమం, షడ్జం వినిపిస్తే చాలు.

మలార్‌ను ఇప్పుడు రకరకాలుగా పాడుతున్నారు. చాలామంది రాగీలు శుద్ధ గాంధారంతో, రెండు నిషాదాలతో పాడి దాన్ని ఖమాజ్ థాట్ (మన మేళం లాంటిది) కింద చెబుతారు. అంటే మన హరికాంభోజి దారి. ఇంకొందరు మియాఁ కీ మల్హార్ స్వరాలతో, కోమల గాంధారంతో పాడతారు, అది కాఫీ థాట్, మన ఖరహరప్రియ దారి. మన మాటల్లో చెప్పుకుంటే రిషభం చతుశ్రుతి, మధ్యమం శుద్ధం, ధైవతం చతుశ్రుతి, నిషాదం కైశికీ, కాకలీ రెండూ. తేడా గాంధారంలో ఉంది: మొదటి దారిలో అంతర గాంధారం, రెండో దారిలో సాధారణ గాంధారం.

ఏది ఎంచుకోవాలి? నా మొగ్గు శుద్ధ గాంధారం వైపే. దానికి కారణం చెబుతాను. మియాఁ కీ మల్హార్‌లోని మియాఁ అంటే అక్బర్ ఆస్థానంలోని తాన్‌సేన్, ఆ రూపం ఆయన పేరున నడుస్తోంది. గురు నానక్ 1539లోనే వెళ్లిపోయారు, అక్బర్ గద్దెనెక్కింది 1556లో. గురు నానక్ పాడిన మలార్ తాన్‌సేన్ చేతుల్లో తయారైన మలార్ అయ్యే వీలు లేదు. అలాగని మియాఁ కీ మల్హార్‌లో పాడే రాగీలను తప్పుపట్టను, ఆ రూపంలో ఎంతో గొప్ప కీర్తన విన్నాను. మీకు నేర్పే గురువు ఎవరైనా ఉంటే ఆయన దారే మీ దారి. రెండు గాంధారాలనూ ఒకే శబద్‌లో కలపకుండా ఉంటే చాలు. 31 రాగాల రూపాలను ఒకచోట చేర్చి రాగీలతో పాడించే పెద్ద ప్రయత్నం 1991లో లుధియానా దగ్గర జవద్దీలో జరిగింది. అప్పటి నుంచి శబద్‌ను దాని శీర్షికలో ఉన్న రాగంలోనే పాడాలన్న పట్టుదల మళ్లీ బలపడింది.

గాంధారం ఏదైనా, మలార్‌ను మలార్ చేసే పలుకులు రెండున్నాయి. ఆ రెండూ కుదిరితే సగం పని అయినట్టే.

మొదటిది "మ రి ప". మధ్యమం నుంచి రిషభానికి దిగి, అక్కడి నుంచి పంచమానికి జారు వేయాలి. మెట్టు మీద నుంచి మెట్టుకు ఎగిరినట్టు కాకుండా, రిషభం మీద ఒక క్షణం ఆగి, మధ్యమాన్ని తాకీ తాకనట్టు దాటుకుంటూ పంచమంలోకి చేరాలి. మొదట "ఆ" అని అకారంతో చేయండి. మీ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి వినండి. రిషభానికీ పంచమానికీ మధ్య ఖాళీ వినిపిస్తే జారు రాలేదని అర్థం. మధ్యమం విడిగా గట్టిగా వినిపిస్తే జారు కాస్తా మెట్లయిపోయిందని అర్థం. మనవాళ్లకు ఇంకో అలవాటు ఉంటుంది, రిషభాన్ని ఊపడం. మలార్‌లో ఆ రిషభాన్ని నిలకడగా ఉంచండి. రోజుకు పావుగంట, వారం రోజులు ఇదొక్కటే చేసినా నష్టం లేదు.

రెండోది "ని ద ని స". మొదటి నిషాదం కైశికీ, రెండోది కాకలీ. కింది స్థాయిలో నెమ్మదిగా, మబ్బు కమ్ముకుంటున్నట్టు కదలాలి. రెండు నిషాదాల మధ్య ఉన్న ఆ కొంచెం దూరం చెవికి స్పష్టంగా తెలియాలి. ఇక్కడ తొందరపడితే రెండూ ఒకటే అయిపోతాయి.

ఈ రాగంలో నిలిచే స్వరం మధ్యమం, దానికి తోడు షడ్జం. పంచమం మీద తీరిగ్గా కూర్చోవాలనిపిస్తుంది, కూర్చోండి, కానీ చివరికి మధ్యమం మీదికి వచ్చి ఆగండి.

ఇక్కడ మన చెవికి ఒక హెచ్చరిక. వాన రాగం అనగానే మనకు అమృతవర్షిణి గుర్తొస్తుంది. దానికీ మలార్‌కూ స్వరాల్లో చాలా తేడా ఉంది. అందులో రిషభం, ధైవతం లేనే లేవు, మధ్యమం ప్రతి మధ్యమం. మలార్ సాధన చేస్తూ మధ్యలో అది పాడుకుంటే చెవి తికమక పడుతుంది. మేఘ్ మల్హార్ అనే ఇంకో రూపం సంగతి వేరు. దాని స్వరాలు మన మధ్యమావతివే. కచేరీ చివర మంగళంగా పాడుకునే ఆ స్వరాలే అక్కడ బరువైన మబ్బులా కదులుతాయి. స్వరాలు ఒకటే అయినా నడక రాగాన్ని ఎలా మార్చేస్తుందో తెలియాలంటే ఆ రెండింటినీ పక్కపక్కన వినండి.

రహాఉను తాళంలో పెట్టండి

తీన్‌తాల్ తీసుకోండి. 16 మాత్రలు, నాలుగు నాలుగుగా నాలుగు భాగాలు. 1, 5, 13 మాత్రల మీద చప్పట్లు, 9వ మాత్ర మీద చేయి విసరడం. మొదటి మాత్ర సమ్, తొమ్మిదోది ఖాలీ. పాట ఖాలీ దగ్గర ఎత్తుకుంటాం.

కింద ఇస్తున్నది పాతకాలపు రీత్, అంటే తరాలుగా వస్తున్న వరస, ఏమీ కాదు. రెండు పలుకులూ నోట్లో నానడానికి నేను అల్లుకున్న వరస, అంతే. అసలైన రీత్ గురువు దగ్గర నేర్చుకున్నాక దీన్ని వదిలేయండి.

9 నుంచి 12 మాత్రలు: బ, ర, స, ఘ. స్వరాలు కింది ని, కింది ద, కింది ని, స.
13 నుంచి 16: నా, సాగదీత, మే, రా. స్వరాలు మ, రి, ప, ప.
1 నుంచి 4: మ, న, భీ, సాగదీత. స్వరాలు మ, ప, మ, గ.
5 నుంచి 8: నా, ఆపై మూడు మాత్రలూ సాగదీత. స్వరాలు మ, రి, స, స.

ఏం జరిగిందో గమనించండి. "బరసు ఘ" మీద నిషాదాలు కమ్ముకున్నాయి. "ఘనా మే" దగ్గర మ రి ప జారు పడింది, మేఘం అన్న మాట మీదే గొంతు జారింది. సమ్ వచ్చి "మన్" మీద పడింది, అదీ మధ్యమం మీద. తాళానికి బరువైన చోటు, రాగానికి బరువైన స్వరం, శబద్‌కు బరువైన మాట మూడూ ఒక్క మాత్రలో కలిశాయి. మీరు సొంతంగా వరస కట్టుకున్నా సరే, ఈ ఒక్క లెక్క తప్పనివ్వకండి. సమ్ మీద "మేరా" పడితే పాట నాది అయిపోతుంది, "మన్" పడితేనే గురు నానక్ మాట వినిపిస్తుంది.

మొదట చేత్తో తాళం వేసుకుంటూ మాటలు మాత్రమే పలకండి. తర్వాత స్వరాలు మాత్రమే. మూడోసారి రెండూ కలపండి. లయ బాగా నెమ్మదిగా ఉండాలి, ఒక్కో మాత్రకు ఒక సెకను దాకా ఇవ్వొచ్చు.

చరణం

చరణం మధ్యమం, పంచమాల దగ్గర ఎత్తుకుని పై షడ్జానికి వెళుతుంది. "కరఉ బినఉ" అంటే వేడుకుంటున్నాను అని, కాబట్టి అక్కడ గొంతు ఎత్తక్కర్లేదు, మ, ప ల మధ్య నడపండి. "సుణి ఘన ఘోర" దగ్గర "మ ప ని ద ని స" అంటూ పైకి వెళ్లండి, ఉరుము పైనే ఉండాలి కదా. "సీతలు" అన్న మాట వచ్చినప్పుడు పై షడ్జం నుంచి కైశికీ నిషాదం మీదుగా పంచమానికి దిగండి. చల్లబడటం అంటే ఏమిటో ఆ దిగడంలో తెలుస్తుంది. ఆ తర్వాత "లాల రతీ గుణ గావై" అని మధ్యమం దాకా వచ్చి మళ్లీ రహాఉ అందుకోండి. మిగతా చరణాలూ ఇదే వరసలో పాడొచ్చు. నాలుగో చరణంలో నానక్ ముద్ర వచ్చినప్పుడు వేగం పెంచకుండా నిదానించండి.

తానాలు, సర్గమ్‌లు వేయాలనిపిస్తుంది. వాటిని సాధన కోసం విడిగా చేసుకోండి. శబద్ మధ్యలో మాట విరిగిపోయేంత స్వర విన్యాసం గుర్బాణీ కీర్తనలో మెచ్చుకోరు. సాహిత్యంలో సొంత మాటలు కలపడం మరీ తప్పు. "ఓ", "హాఁ" లాంటివి కూడా వద్దు.

వాద్యం సంగతి

ఇంట్లో హార్మోనియం ఉంటే శృతికి వాడుకోండి. మ రి ప జారు మాత్రం దాని మెట్ల మీద పలకదు, కాబట్టి జారును దాన్ని చూసి నేర్చుకోకండి. గురు నానక్ వెంట భాయీ మర్దానా వాయించింది రబాబ్. ఆ తర్వాత సరందా, తావూస్, దిల్‌రుబా వచ్చాయి. అన్నీ తీగ వాద్యాలే, వీటిని తంతీ సాజ్ అంటారు. హార్మోనియం 19వ శతాబ్దంలో వచ్చి చేరింది. అమృత్‌సర్ హర్‌మందిర్ సాహిబ్‌లో (స్వర్ణ దేవాలయంలో) దాన్ని మూడేళ్లలో క్రమంగా తగ్గించి తంతీ సాజ్ తిరిగి తేవాలని 2022లో సిక్కుల అత్యున్నత పీఠం అకాల్ తఖ్త్ సూచించింది కూడా. దీని మీద రాగీల్లో వాదాలు ఉన్నాయి. నాకైతే దిల్‌రుబా మీద ఆ రిషభం పంచమంలోకి జారడం ఒక్కసారి విన్నాక ఇంకే వాదమూ అక్కర్లేకపోయింది. వీలైతే దిల్‌రుబా లేదా తావూస్ మీద మలార్ రికార్డింగ్ ఒకటి వెతికి రోజూ పడుకునే ముందు వినండి. భాయీ అవతార్ సింగ్, భాయీ గుర్‌చరణ్ సింగ్ సోదరుల పాత కీర్తన రికార్డింగులు కూడా వినండి. తరతరాలుగా ఇంట్లో నడిచిన రీత్‌లు వాళ్లవి, మాట ఎంత స్పష్టంగా నిలుస్తుందో గమనించండి.

వార్ కూడా చదవండి

శబద్ గొంతులో కుదురుకుంటున్న రోజుల్లోనే 1278వ అంగ్ నుంచి మొదలయ్యే మలార్ వార్ కొంచెం కొంచెంగా చదవండి. గురు నానక్ వార్ అది, మధ్యలో ఇతర గురువుల శ్లోకాలు చేర్చి ఉంటాయి. అందులో బాబీహా అనే పక్షి మాటిమాటికీ వస్తుంది. మన కావ్యాల్లోని చాతకమే. తెల్లవారుజామున అది అరిచిందనీ, ఆ మొర దర్బారులో వినబడిందనీ, కరుణించి కురవమని మేఘానికి ఆజ్ఞ అయిందనీ గురు అమర్‌దాస్ అంటారు.

ఆయనదే ఇంకో మాట ఉంది, 1283వ అంగ్‌లో. మలార్ చల్లని రాగం, అయితే హరిని ధ్యానిస్తేనే శాంతి అంటారు. రాగం పాడితే వాన కురుస్తుందన్న కథలు మనకు చాలా ఉన్నాయి. ఇక్కడ ఆ గొప్పతనాన్ని రాగానికి ఇవ్వలేదు. చల్లదనం స్వరం నుంచి వస్తుందని చెప్పకుండా, ఆ స్వరం మోసుకొచ్చే పేరు దగ్గర పెట్టారు. ఇది చదివాకే నేను నోట్‌బుక్‌లో స్వరాల పేజీని వెనక్కి, సాహిత్యం పేజీని ముందుకు మార్చుకున్నాను.

రెండో గురువు శ్లోకాల్లో సావణ్ వచ్చిందని చెలికి చెబుతూ, మనసు వేరేచోట పెట్టుకున్నవాళ్లకు ఆ వానలోనూ కుమిలిపోవడమే మిగులుతుందన్న హెచ్చరిక ఉంది. ఒకే వాన ఒకరిని తడుపుతుంది, ఒకరిని కాలుస్తుంది. మలార్‌ను ఎప్పుడూ ఉల్లాసంగా పాడేవాళ్లు ఈ శ్లోకాలు చదివితే బాగుండు.

ఒకసారి సంగత్‌లో, అంటే భక్తుల సభలో, కూర్చోండి

హైదరాబాద్‌లో ఉంటే అమీర్‌పేట, గౌలిగూడ, సికింద్రాబాద్‌లలో గురుద్వారాలు ఉన్నాయి. కిషన్‌బాగ్ వైపు సిఖ్ ఛావనీలో బరంబాలా గురుద్వారా ఉంది. నిజాం కాలంలో పంజాబ్ నుంచి వచ్చిన సిక్కు సైనికుల వారసులు ఇక్కడ తరాలుగా ఉంటున్నారు, తెలుగు చక్కగా మాట్లాడతారు. భాష రాదన్న జంకు పెట్టుకోకండి. ఉత్తర తెలంగాణ వాళ్లకు హుజూర్ సాహిబ్ గురుద్వారా ఉన్న నాందేడ్ దగ్గర. బాసరకు వచ్చే గోదావరే, ఎగువన ఆ ఊరిని ఒరుసుకుని వస్తుంది. బీదర్‌లో నానక్ ఝీరా ఉంది, నీళ్లు లేని నేలలో గురు నానక్ పాదం పెట్టిన చోట తియ్యటి ఊట పుట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తల కప్పుకుని లోపలికి వెళ్లండి. గ్రంథం ముందు మోకరిల్లి, దర్బారు హాలులో నేల మీద కూర్చోండి. కాళ్లు గ్రంథం వైపు చాపకూడదు. పాట ఎంత నచ్చినా చప్పట్లు కొట్టరు. కీర్తన అయ్యాక రాగీ గారి దగ్గరికి వెళ్లి "వాహెగురూజీ కా ఖాల్సా, వాహెగురూజీ కీ ఫతేహ్" అని చేతులు జోడించి, "భాయీ సాహిబ్‌జీ, మలార్‌లో ఒక శబద్ నేర్చుకుంటున్నాను" అని చెప్పండి. మీ నోట్‌బుక్‌లోని రహాఉ పంక్తి చూపించి ఒక్కసారి చదివి వినిపించమని అడగండి. పాడమని అడగక్కర్లేదు. నేను అడిగినప్పుడు ఆయన చదవడం మొదలుపెట్టి, రెండో మాట దాటకుండానే పాటలోకి వెళ్లిపోయారు. నేను అన్నాళ్లు కుస్తీ పట్టిన ఆ మ రి ప ఆయన నోట్లో మాటలా దొర్లింది. లంగర్‌లో, అంటే గురుద్వారా ఉమ్మడి వంటశాలలో, భోజనం చేసే రండి, కాదనకూడదు.

పాడే వేళ గురించి అందరూ అడుగుతారు. మామూలు రోజుల్లో మలార్ రాత్రి రాగం. వానాకాలంలో ఆ పట్టింపు లేదు, ఏ వేళైనా పాడొచ్చు. పంజాబ్‌లో సావణ్, భాదోఁ నెలలు దీని కాలం. మనకు వానలు జూన్‌లోనే దిగుతాయి కాబట్టి సాధన అప్పుడే మొదలుపెట్టి, సావణ్ సంగ్రాంద్ (నెల మొదటి రోజు) నాటికి, అంటే జూలై 16కు, శబద్ పూర్తిగా వచ్చేలా చూసుకోండి. రోజుకు అరగంట చొప్పున ఐదారు వారాలు సరిపోతాయి. సగం కాలం చదవడానికి, పలకడానికి ఇవ్వండి.

ఈ శబద్ కుదిరాక 1266వ అంగ్‌లో గురు అర్జన్ శబద్ "బరసై మేఘు సఖీ ఘరి పాహున ఆఏ" అందుకోండి. అక్కడ వాన కురుస్తూనే ఉంది, ఇంటికి అతిథి వచ్చేశాడు. స్వరాలు అవే, మ రి ప అదే, అడగడం మాత్రం అయిపోయింది. అందుకే దాని లయ కొంచెం పెంచవచ్చు. దాని తర్వాత పడతాల్‌ల వైపు చూడండి. చరణం మారినప్పుడల్లా తాళం మారే రచనలు అవి, మలార్‌లో నాలుగో, ఐదో గురువులవి ఉన్నాయి. వాటికి మాత్రం తబలా వాయించే మనిషి ఎదురుగా కూర్చోవాలి, యాప్‌తో అయ్యే పని కాదు.